అంటు ధరకి తల్లిమొక్క

కడియపులంక నర్సరీల్లో కాసేపు బేరాలు వింటే ఒక సంగతి తెలిసిపోతుంది. పెరట్లో నాటుకోడానికి ఒక అంటు మామిడి అడిగేవాడికి చెప్పే ధర ఒకటి. అదే రకం తల్లిమొక్కని పట్టుకెళ్ళి ఏటేటా కొమ్మలు కోసి వేలకొద్దీ అంట్లు కట్టుకుంటానన్నవాడితో మాట్లాడే తీరు ఇంకొకటి. మొక్క అదే అయినా, కొన్నాక దాంతో ఏం చేస్తాడన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. గొంతు అమ్ముకుని బతికేవాళ్ళకీ, వీడియో గేములు తయారుచేసేవాళ్ళకీ మధ్య కొన్నేళ్ళుగా నడుస్తున్న డబ్బు తగాదాల్లో చాలా మటుకు ఈ లెక్క ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చినవే. అంటు ధరకి తల్లిమొక్కని పట్టుకుపోయారని వీళ్ళ బాధ. డబ్బిచ్చేశాం కదా, ఇంకా ఏమిటని వాళ్ళ విసుగు.

గేము అనగానే మన జిల్లాల్లో చాలామందికి రమ్మీ గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ చట్టం చేసి ఆపింది. ఇక్కడ మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. కథ, పాత్రలు, సంభాషణలు ఉండి, సినిమాలాగా తయారై, కొనుక్కుని ఆడే గేముల గురించి. వాటిలో పాత్రలు మాట్లాడాలంటే ఎవరో ఒకరు మైకు ముందు నిలబడాలి.

ఆ పని సినిమా డబ్బింగ్ లాంటిది కాదు. డబ్బింగ్‌లో తెర మీద పెదవులు కనిపిస్తాయి, సన్నివేశానికి ముందూ వెనకా తెలుస్తుంది. గేములో నటుడి చేతికొచ్చేది లైన్ల పట్టిక. ఆటగాడు తలుపు తీస్తే చెప్పే మాట, తియ్యకపోతే చెప్పే మాట, మూడోసారి కూడా తియ్యకపోతే విసుక్కునే మాట, అన్నీ విడివిడిగా పలకాలి. ఆ తర్వాత అరుపుల వంతు. చిన్న దెబ్బ తగిలితే ఒక మూలుగు, పెద్ద దెబ్బకి ఇంకొకటి, కత్తి దూసినప్పటి ఊపిరి, మేడ మీంచి పడిపోతున్నప్పటి కేక, నిప్పంటుకుని చచ్చిపోయేటప్పటి కేక, ఒక్కోటీ నాలుగైదు రకాలుగా. ఇలా గంటలకొద్దీ అరిస్తే మర్నాడు గొంతు పెగలదు. అమెరికాలో 2016లో నటీనటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా చేసిన సమ్మెలో డబ్బుతో పాటు ఈ గొంతు నొప్పి నుంచి రక్షణ కూడా ఒక డిమాండే. అప్పటిదాకా ఏ గేముకి పనిచేస్తున్నారో కూడా చెప్పకుండా మారుపేర్లతో పిలిచి రికార్డు చేయించుకోవడం మామూలు. ఏం అమ్ముతున్నారో తెలియనివాళ్ళు ధర ఏం చెబుతారు?

ఆ సమ్మెకి కొన్నేళ్ళ ముందే ఒక ఉదాహరణ జనం నోళ్ళలో నానింది. 2008లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4లో కథానాయకుడు నికో బెల్లిక్‌గా చేసిన మైఖేల్ హాలిక్‌కి పదిహేను నెలల పనికి సుమారు లక్ష డాలర్లు ముట్టాయి. ఆ గేము మొదటి మూడు వారాల్లోనే 60 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. అందులో ఆయనకి ఒక్క డాలరు వాటా లేదు. సినిమాలో అయితే టీవీలో మళ్ళీ వేసినప్పుడల్లా నటులకి ఎంతో కొంత వస్తుంది. 1960లో రోనాల్డ్ రీగన్ సంఘం అధ్యక్షుడిగా ఉండగా చేసిన సమ్మె తెచ్చిపెట్టిన హక్కు అది. గేములకి అది వర్తించలేదు.

2016 అక్టోబరు 21న మొదలైన సమ్మె 340 రోజులు నడిచింది. సంఘం అడిగింది విపరీతమేమీ కాదు. గేము 20 లక్షల కాపీలు అమ్ముడుపోతే ఒక అదనపు పారితోషికం, ఆ తర్వాత ప్రతి 20 లక్షలకీ ఒకటి, 80 లక్షల దగ్గర ఆగిపోవాలి. పదకొండు పెద్ద కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి దక్కింది వేరే రకం బోనస్. మొదటి సెషన్‌కి 75 డాలర్లతో మొదలై, పది సెషన్లు చేసినవాళ్ళకి మొత్తం 2100 డాలర్ల దాకా వెళ్తుంది. గేము ఎన్ని కాపీలు అమ్ముడుపోయిందన్నదాంతో దానికి సంబంధం లేదు. అసలు కోరింది దక్కలేదన్నట్టే. నా దృష్టిలో ఆ ఓటమి ఎక్కువ నష్టం చేసింది చిన్న స్టూడియోలకే. ఎందుకో ముందు ముందు చెప్తాను.

ఈ తగాదాల్లో కళాకారుల మాట కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. 2022 అక్టోబరులో బేయొనెటా 3 గేము విడుదలకి కొద్ది రోజుల ముందు, అంతకుముందు రెండు భాగాల్లో ప్రధాన పాత్రకి గొంతిచ్చిన హెలీనా టేలర్ వీడియోలో కనిపించి, తనకి మొత్తం పనికి 4000 డాలర్లు మాత్రమే ఇస్తామన్నారని చెప్పారు. గేము కొనొద్దని పిలుపునిచ్చారు. లోకమంతా స్టూడియోని తిట్టిపోసింది, ఆమె స్థానంలో వచ్చిన జెనిఫర్ హేల్‌ని కూడా వదల్లేదు. కొన్ని రోజులకి విలేఖరులు ఆరా తీస్తే సెషన్‌కి మూడు నాలుగు వేల చొప్పున, కనీసం ఐదు సెషన్లకి మాట్లాడినట్టు తేలింది. టేలర్ కూడా తర్వాత 10 వేలు, ఆపైన ఇంకో 5 వేలు ఇస్తామన్న మాట నిజమేననీ, 4000 అన్నది ఆ బేరం చెడ్డాక కొద్దిపాటి లైన్లకి ఇవ్వజూపిన మొత్తమనీ చెప్పారు. 15 వేలు కూడా ఆ పాత్రకి తక్కువేనన్న ఆమె వాదనలో బలముంది. సగం లెక్క మాత్రమే బయటపెట్టడంతో ఆ వాదనా కొట్టుకుపోయింది.

ఇక చిన్న స్టూడియోల సంగతికి వద్దాం. నలుగురైదుగురు కుర్రాళ్ళు, అద్దె గది, రెండు మూడేళ్ళ పని. చేతిలో ఉన్నదంతా బొమ్మలకీ ప్రోగ్రామింగ్‌కీ అయిపోతుంది. గొంతుల ఖర్చు చివర్లో వస్తుంది కాబట్టి కోత ముందు పడేది దాని మీదే. చాలామంది అసలు మాటలే లేకుండా కానిచ్చేస్తారు. 2018లో వచ్చిన సెలెస్ట్ గేములో పాత్రలు అర్థంలేని చప్పుళ్ళు చేస్తూ ఉంటాయి, మాటలు తెర మీద చదువుకోవాలి. అందులో మోసం లేదు, దానికంటూ ఒక అందం కూడా ఉంది. మన దేశంలో పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో తెచ్చిన రాజీ గేములో మాత్రం పాత్రలు మాట్లాడతాయి. ఆ గేముకి జనం దగ్గర చందాలు పోగుచేయాలని కిక్‌స్టార్టర్‌లో పెట్టిన ప్రయత్నం ఫలించలేదు. అలాంటి స్థితిలో ఉన్న స్టూడియో గొంతుల కోసం ఎంత తీస్తుందో ఎవరికైనా తెలుస్తుంది.

అందుకే చిన్నవాళ్ళ నోటి వెంట వచ్చే మొదటి మాట, ఇప్పుడు డబ్బుల్లేవు, గేము ఆడితే వాటా ఇస్తాం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వాటా దేంట్లోంచి అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఒక లెక్క వేసి చూద్దాం. 500 రూపాయలకి స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్మే గేములో 18 శాతం జీఎస్టీ పోతే మిగిలేది 424. స్టీమ్ 30 శాతం తీసుకుంటే 297. మధ్యలో పబ్లిషర్ ఉండి సగం పట్టుకుంటే 148. గేము తయారీకి అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే అమ్మకాలు పది లక్షల డాలర్లు దాటాక దానికో 5 శాతం. నచ్చలేదని వెనక్కిచ్చేవాళ్ళ సొమ్ము వేరే. 'లాభంలో 5 శాతం' అన్న మాట 500 మీదా, 148 మీదా, లేక ఖర్చులన్నీ తిరిగొచ్చాక మిగిలినదాని మీదా? సినిమా హిట్టయ్యాక చూద్దామన్న మాటకి తెలుగు పరిశ్రమలో ఎంత విలువుందో మనకి తెలుసు. ఇదీ అంతే. అయితే అన్నిసార్లూ ఇందులో దుర్బుద్ధి ఉండదు, చాలా గేములు నిజంగానే పైసా వెనక్కి తేలేవు.

వాటా కంటే ఎక్కువ పేచీ తెచ్చేది మరమ్మతు పని. ముందు 200 లైన్లు అనుకుంటారు. పరీక్షించి చూసినవాళ్ళు రెండో అధ్యాయం అర్థం కాలేదంటారు, కథ మారుస్తారు. పాత లైన్లలో 80 పనికిరావు, కొత్తవి 120 కావాలి. 'చిన్న కరెక్షనే కదా మేడం, ఒక్క గంట' అంటారు. ఆ గంటకి ముందు స్టూడియోకి వెళ్ళడం, ఆరు నెలల కిందటి గొంతు స్థాయిని మళ్ళీ పట్టుకోవడం, ఇంట్లో రికార్డు చేస్తే పక్కింటి మిక్సీ ఆగేదాకా కాచుకోవడం, ఇవేవీ ఎవరి లెక్కలోకీ రావు. ఆ నటి డబ్బు అడిగితే పని తెలియని మనిషన్నట్టు చూస్తారు. గేము మధ్యలోనే ఆగిపోతే మొదటి 200 లైన్ల డబ్బులకి కూడా దిక్కుండదు.

అమెరికా సంఘం 2024 ఫిబ్రవరిలో చిన్న గేముల కోసం బడ్జెట్‌ని బట్టి మెట్లు కట్టిన ఒప్పందం తెచ్చింది. రెండున్నర లక్షల డాలర్ల నుంచి మూడు కోట్ల డాలర్ల మధ్య ఖర్చయ్యే గేములకి అది. మంచిదే, కానీ రెండున్నర లక్షల డాలర్లంటే మన లెక్కలో రెండు కోట్ల పైమాట. రాజమండ్రిలో అంత పెడితే గేము పక్కన పెట్టి ఓ చిన్న సినిమా తీసేస్తారు.

తెలుగులో ఈ గొడవ గేముల దాకా రాకముందే గొంతు పనికి మనకంటూ ఒక పద్ధతి స్థిరపడిపోయింది. రాజశేఖర్ అంటే సాయికుమార్ గొంతు. అరుంధతిలో సోనూ సూద్ ఎంత భయపెట్టాడో, ఆయనకి గొంతిచ్చిన రవిశంకర్ అంతకంటే ఎక్కువ భయపెట్టి, బొమ్మాళి రవిశంకర్ అయిపోయాడు. రోజారమణి ఎందరో కథానాయికలకి గొంతైంది. 2023 జనవరిలో కన్నుమూసిన శ్రీనివాసమూర్తి పేరు ఎందరికి తెలుసో కానీ, సూర్య, అజిత్, విక్రమ్ తెలుగులో మాట్లాడితే మనం విన్నది ఆయన్ని. వీళ్ళందరికీ డబ్బు ఒకసారే వచ్చింది. సినిమా టీవీకి, అక్కణ్ణుంచి యూట్యూబ్‌కి, ఓటీటీకి వెళ్ళిన ప్రతిసారీ డబ్బింగ్ కళాకారుడికి చెక్కు వచ్చే ఆనవాయితీ మన దగ్గర లేదు. ఇంకాస్త కిందికి వస్తే అదీ లేదు. పాత ఇనుప సామాన్లు కొంటామని వీధుల్లో తిరిగే ఆటోలో మోగే గొంతుకి రికార్డు చేసిన రోజు ఏ వెయ్యో ఇచ్చుంటారు. 'ఒరే, ఆ పెన్‌డ్రైవు ఓసారి ఇత్తావేంటి' అని పక్క ఆటోవాడు అడగ్గానే ఆ గొంతు రెండో వ్యాపారంలో చేరిపోతుంది. గొంతున్న మనిషికి ఆ సంగతి కూడా తెలీదు. ఈ అలవాటుతోనే మన డెవలపరూ వస్తాడు, మన ఆర్టిస్టూ వస్తుంది. ఇద్దరికీ ఒకసారి డబ్బు, ఎప్పటికీ వాడకం అన్నదే ధర్మంగా తోస్తుంది.

సంఘం ఉంటే ఇవన్నీ తీరిపోతాయా అంటే, అదీ అంత సులువు కాదు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం పెంపు అడిగి షూటింగులు ఆపేసింది. నెల తిరక్కుండానే, రోజుకి 2000 లోపు వేతనం వచ్చేవాళ్ళకి మూడేళ్ళలో విడతలవారీగా 22.5 శాతం పెంపు సాధించుకుంది. సంఘం బలమంటే అది. రెండో వైపు కూడా చూశాం. సభ్యత్వ రుసుము కట్టలేదన్న కారణం చూపి చెన్నైలోని డబ్బింగ్ కళాకారుల యూనియన్ 2018 నవంబరులో చిన్మయిని తొలగించింది. ఏ మాయ చేసావె నుంచి చాలా సినిమాల్లో సమంతకి తెలుగు గొంతు ఆమే. లైంగిక వేధింపుల గురించి నోరు విప్పినందుకే ఈ వేటని ఆమె అన్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. నలుగురి కోసం బేరమాడాల్సిన సంఘం ఒకరిని పనిలోంచి తప్పించే స్థితిలో కూడా ఉంటుందని ఆ గొడవ గుర్తుచేసింది. గేములకి గొంతిచ్చే తెలుగువాళ్ళకి ఈ అండా లేదు, ఈ బెడదా లేదు. ఎవరికి వారే.

వాళ్ళకి దొరికేది చట్టమొక్కటే. అందులో ఉన్నంత మేర కూడా వాడుకునేవాళ్ళు కనపడరు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ప్రదర్శకులకి హక్కు 1994లో చేర్చారు, 2012 సవరణ దాన్ని పెంచింది. సినిమాలో భాగమయ్యేందుకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాత వాడుకోవడాన్ని ప్రదర్శకుడు కాదనలేడు, కానీ వ్యాపార వినియోగం మీద రాయల్టీకి అర్హుడేనని 38ఎ సెక్షన్ చెబుతోంది. చట్టం సినిమా అంటే దృశ్యాల రికార్డింగ్, దానితో వచ్చే శబ్దం అని విశాలంగానే నిర్వచించింది కాబట్టి గేము కూడా అందులోకి వస్తుందని వాదించొచ్చు. అంతకంటే పనికొచ్చేది 19వ సెక్షన్. హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళే. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. బదిలీ చేసిన నాటికి లేని మాధ్యమానికి, పేరు పెట్టి రాస్తే తప్ప, అది వర్తించదని 18వ సెక్షన్ అంటుంది. 39ఎ ద్వారా ఇవన్నీ తగిన మార్పులతో ప్రదర్శకుల హక్కులకీ వర్తిస్తాయి. అంటే వాట్సాప్‌లో 'ఓకే సర్, 5000' అని ముగించిన బేరంలో ఎక్కువ చిక్కుల్లో పడేది డెవలపరే. ఐదేళ్ళ తర్వాత తన గేములోని గొంతు తనది కాదని ఎవరైనా అంటే చూపించడానికి కాగితం ఉండదు. దీన్ని ఎరిగినవాళ్ళు రెండో కొసకి పోతారు. శాశ్వతంగా, విశ్వమంతటా, ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే సమస్త మాధ్యమాల్లో అని రాయించుకుంటారు. ఐదు వేలకి విశ్వమంతా!

ఈ తగాదాకి 2023 తర్వాత కృత్రిమ మేధ తోడైంది. తల్లిమొక్క అన్న మాట ఇక్కడే అక్షరాలా వర్తిస్తుంది. కొద్ది నిమిషాల రికార్డింగ్ ఉంటే చాలు, ఆ గొంతుతో పలకని మాటలు ఎన్నైనా పలికించొచ్చు. అమెరికాలో పాల్ లెర్‌మన్, లినియా సేజ్ అనే దంపతులు చిన్న పనుల వెబ్‌సైటు ఫైవర్‌లో గొంతు నమూనాలు ఇచ్చారు, ఆయన 1200 డాలర్లకి, ఆమె 400కి. ఆయనకి పరిశోధన కోసమేనని చెప్పి కొన్నారు. తర్వాత ఒక పాడ్‌కాస్ట్ వింటుంటే ఆయన గొంతే మాట్లాడుతోంది. లోవో అనే కంపెనీ మీద 2024లో న్యూయార్క్‌లో కేసు వేశారు. మన దగ్గర అదే ఏడాది జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతుని అనుమతి లేకుండా అనుకరించే పరికరాల్ని బొంబాయి హైకోర్టు ఆపమంది. అరిజిత్ సింగ్ కాబట్టి ఆపారనుకోవాలి. రాజమండ్రిలో నెలకి నాలుగు ప్రకటనలు చెప్పుకునే అమ్మాయి బొంబాయి దాకా ఎక్కడ వెళ్తుంది?

తెలుగులో ఈ గొడవ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు మీద వచ్చింది. కీడా కోలా సినిమాలో ఆయన గొంతుని కృత్రిమ మేధతో తిరిగి పుట్టించారని కొడుకు చరణ్ 2024లో నిర్మాతలకి, సంగీత దర్శకుడికి నోటీసు పంపారు. సాంకేతికతకి తాను వ్యతిరేకి కాననీ, తమని అడక్కుండా వాడటమే అభ్యంతరమనీ ఆయన మాట. అదే కాలంలో రెహమాన్ లాల్ సలామ్ సినిమా పాటకి చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఇలాగే వాడారు, కాకపోతే కుటుంబాల్ని అడిగి, పారితోషికం ఇచ్చి. బాలు జీవితంలో దీనికి రెండో పక్క కూడా ఉంది. 2017లో ఆయన అమెరికాలో కచేరీలు చేస్తుండగా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపారు. అప్పట్లో మనలో చాలామందికి అది పెద్దాయన పట్టుదలగానే కనిపించింది. చరణ్ నోటీసు వచ్చాక ఎందరు మళ్ళీ ఆలోచించారో తెలీదు కానీ, అప్పుడైనా ఇప్పుడైనా అడిగింది ఒకటే: ముందు అడగండి, తర్వాత లెక్క కట్టండి.

అమెరికా గేము నటులు 2024 జులై 26న రెండోసారి సమ్మెకి దిగింది ఈ కృత్రిమ మేధ మీదే. పదకొండు నెలలు దాటాక, 2025 జులైలో 95 శాతం మంది ఒప్పందానికి ఓటేశారు. వేతనం వెంటనే 15 శాతానికి పైగా పెరిగింది. గొంతు నకలు తయారు చేయాలంటే ముందు సమ్మతి తీసుకోవాలి, ఎక్కడ వాడారో చెప్పాలి. సమ్మె నడుస్తున్నప్పుడు ఆ సమ్మతిని నిలిపేసుకునే హక్కు కూడా నటుడికి దక్కింది. కృత్రిమ గొంతు చిన్న స్టూడియోలకి వరం అనే వాదన ఒకటుంది. డబ్బు మాట వరకే చూస్తే కాదనలేం. నా అభ్యంతరమల్లా, ఒకరి అసలు గొంతుని కొంత ధరకి కొని, తర్వాతి భాగాలన్నీ నకలుతో కానిచ్చేయడం మీద. వాడదలిస్తే దాన్ని వేరే బేరంగా, వేరే ధరతో కొనాలి. లైన్ల ధరలోనే కలిపేయకూడదు.

2016 సమ్మెలో ఓటమి సంగతి ఇప్పుడు చెప్పాలి. 20 లక్షల కాపీల గీత గీసుంటే, దాని కిందుండే చిన్న గేములన్నీ అదనపు పారితోషికం నుంచి తప్పించుకునేవి. గీత ఉంటే చిన్నవాడు నిజాయితీగా తక్కువ ఇవ్వొచ్చు. ఇప్పుడింతే, ఫలానా సంఖ్య దాటితే ఇంత అని చెప్పేయొచ్చు. వాటా శాతాల్లో ఉండే తకరారు ఇందులో లేదు, ఎన్ని కాపీలు పోయాయో స్టీమ్ లెక్కలో కనబడుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక తెలుగు గేముకి 5000 కాపీల దగ్గర ఒక గీత, 50 వేల దగ్గర ఇంకోటి పెట్టుకుంటే చాలు, నాలుగు లైన్ల ఒప్పందంలో ఇమిడిపోతుంది. ఇరవై లైన్లు చెప్పిన ద్వారపాలకుడికి కూడా వాటా కావాలనడం మాత్రం నాకు సబబుగా అనిపించదు. గీత దాటాక వచ్చే సొమ్ము ప్రధాన పాత్రలదే.

చెల్లింపు ఆలస్యానికి మందు ఇప్పటికే ఉంది. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకున్న ఆర్టిస్టు చట్టం దృష్టిలో సూక్ష్మ సంస్థ. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. చిన్న ఫ్యాక్టరీలవాళ్ళకి తెలిసిన ఈ దారి గొంతు పని చేసేవాళ్ళు కూడా తొక్కొచ్చు. ఒకసారి నోటీసు ఇస్తే ఆ స్టూడియో మళ్ళీ పిలవదన్న భయం ఉంటుంది, అది నిజమైన భయమే. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి పంపితే చాలాసార్లు నోటీసు దాకా పోనక్కర్లేదు.

మిగిలిన చిక్కు ఒకటుంది, దాని గురించి మన దగ్గర ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు. చిన్న స్టూడియో ఎల్లకాలం చిన్నదిగా ఉండదు. గేము ఆడితే పెద్ద కంపెనీ వచ్చి కొనేస్తుంది, ఆడకపోతే అప్పులవాళ్ళు హక్కులు పట్టుకుపోతారు. రెండిట్లోనూ గొంతు రికార్డింగులున్న హార్డ్‌డిస్కు, గొంతిచ్చినామె ఎన్నడూ చూడని మనిషి చేతికి వెళ్తుంది. 'నీకు తెలీనిదా అక్కా, రెండో భాగానికి చూసుకుందాం' అన్న కుర్రాడు అప్పటికి ఇంకెక్కడో ఉద్యోగంలో ఉంటాడు. నోటి మాట కొత్త యజమానిని కట్టదు. కాబట్టి కాపీల గీతా, నకలుకి సమ్మతీ, మరమ్మతు గంటల ధరా, స్టూడియో ఎవరి చేతికి పోయినా వాళ్ళని కట్టేలా ఒక వాక్యం రాసుకుని, దాని కింద ఇద్దరూ సంతకాలు చేశాకే మైకు ఆన్ చెయ్యాలి.